మైత్రేయి అనుమతి

“యాజ్ఞవల్క్యుడు ఇల్లొదిలి పారిపోలేదు,” అన్నారు గురువుగారు, ఉపనిషత్తు మూసి పక్కన పెడుతూ. “వెళ్తున్నానని భార్య మైత్రేయికి చెప్పాడు. అది చెప్పడం కాదు, సెలవడగడం అంటాను నేను. చెప్పకుండా పోయేది సన్యాసం కాదు, పిరికితనం.”

హాలంతా తలలూపింది. రెండో వరసలోంచి ఒక నర్సు లేచి నిలబడింది. ఆమె ఆయన ఒక్కగానొక్క కూతురు. పక్కనున్న తల్లి చెయ్యి పట్టి లాగినా కూర్చోలేదు.

“మరి మీరు మా అమ్మకి చెప్పే వెళ్లారా? నేను బడినుంచి వచ్చేసరికి మీ చెప్పులు కూడా లేవు. చెప్పేవి మాత్రం శ్రీరంగనీతులు!”

ఆయన కూతురి పక్కనున్న భార్యవైపు చూశారు. ఆమె తల దించుకుంది.

“తప్పే తల్లీ,” అని కూతురికి చేతులు జోడించి, పక్క తలుపులోంచి వెళ్లిపోయారు.

బయటికి రాగానే కూతురు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. “ఇన్నేళ్లకి నీ ఉసురు తగిలిందమ్మా ఆయనకి.”

తల్లి మెట్ల మీద కూలబడింది.

“ఆయన నాకు చెప్పే వెళ్లారే. మనసు ఇంట్లో లేని మనిషిని కట్టేసి ఏం చేసుకోను? సరేనన్నాను. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.”

“ఎందుకు?”

“ఆయనంటే నీకు ప్రాణం. పెద్దయ్యాక నువ్వూ ఆయన దగ్గరికే పోతావని భయమేసింది. కోపముంటే పోవు కదా.”

తల్లిని లేపబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, కూతురు తండ్రి వెళ్లిన తలుపువైపు పరుగు తీసింది. “ఆగవే!” అన్న కేక వినిపించినా వెనక్కి తిరగలేదు.