బుజ్జిగాడి తెలివి

తెలివి పరీక్ష పేపర్ మీద ‘బుజ్జి’ అన్న పేరు, పక్కనే మామూలు పిల్లలకి వంద వచ్చేచోట అరవై మార్కులు కనబడేసరికి ప్రొఫెసర్‌కి బి.పి. లేచింది. మనవణ్ణి ఇంట్లో పిలిచేది ఆ పేరుతోనే.

“ఇదేం పరీక్షమ్మా? ఈ గదిలో ఫ్యాను గరగరకి నా పేరు నాకే గుర్తురాదు,” అన్నాడు చిన్నకోడలితో. పరీక్ష పెట్టింది ఆవిడే.

“ఇంకేమైనా కారణాలున్నాయా మామయ్యా?” ఆవిడ పేపర్ కింద రాసుకుంటోంది.

“లేకేం? పసివాడు ఖాళీ కడుపుతో కూర్చున్నాడేమో. పడవ బొమ్మ చూపించి ఇదేంటంటే, జన్మలో పడవ చూడనివాడు ఏం చెప్తాడు, నా తలకాయ?”

తెలివి రక్తంలో ఉంటుందని మూడు పుస్తకాలు అచ్చేసిన పెద్దమనిషి ఆయన. వంతెన అవతలి పేట పిల్లలకు మార్కులు తగ్గినప్పుడల్లా, “ఆ జాతి బుర్రలే అంత, వాళ్ళకి మామూలు బడి దండగ” అని తేల్చేసేవాడు.

“మళ్ళీ పెడతాను. కారణాలన్నీ రాశాను, సంతకం చేయండి,” అంది కోడలు.

బరబరా గీకేశాడు.

“ఈ బుజ్జి మనవాడు కాదు మామయ్యా. పేట పిల్లాడు. వాణ్ణీ ఇంట్లో అలాగే పిలుస్తారట. మనవాడికి పరీక్ష రేపు.”

ప్రొఫెసర్ కళ్ళజోడు సవరించుకుని పేపర్ మీద పేరు మళ్ళీ చదివాడు.

“చేసిన సంతకం మీద గీత కొట్టేస్తారా?” కోడలు పెన్ను మళ్ళీ చాపింది.

నెత్తిమీద ఫ్యాను గరగరలాడుతూనే ఉంది. ఆయన పెన్ను అందుకోలేదు.

“ముందు ఆ ఫ్యాను బాగుచేయించు. ఆ తర్వాతే బుజ్జికి పరీక్ష.”

“ఏ బుజ్జికి?”

ఆయన తలెత్తి పైకి చూశాడు.

“ఆ ఫ్యానుకి తెలుసా, ఏ బుజ్జో?”