పరదా సందులోంచి వచ్చిన చెయ్యి

"మళ్లా ఇదే చెయ్యేంది?"

ప్లేగు టీకా సూది పట్టుకున్న కాంపౌండర్ ఎల్లప్ప ఆగిపోయాడు. ఆడవాళ్లుండే జనానా పరదా సందులోంచి వచ్చిన ఆ చేతిమీద, ఇందాక తను పొడిచిన చోటు ఇంకా ఎర్రగానే ఉంది.

"పనిమనిషి సుగ్రాది," లోపలినుంచి ఇక్బాలున్నీసా బేగం దర్జాగా పలికింది. "మాకు సూదంటే డర్. మా అందరివీ దానికే ఇయ్యి."

"భాయ్, నాకు ఇప్పటికే తల తిరుగుతుంది," అంది సుగ్రా సన్నగా.

ఎల్లప్ప వెనక్కి తిరిగి, కుర్చీలో చాయ్ తాగుతున్న ఇన్‌స్పెక్టర్ మొహియుద్దీన్ వైపు చూశాడు.

"పొడువు," అన్నాడాయన. "సర్కారు చేతుల లెక్కడిగింది గని మొఖాలడగలేదు."

అంతటి సర్కారు తెలివికి ఎల్లప్ప మనసులోనే సలాం కొట్టాడు. తర్వాత పరదా వైపు వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అట్లనే బేగంసాబ్. గని ఇంటి తాళాలు గూడ ఇప్పుడే సుగ్రాకు ఇచ్చెయ్యిండ్రి. రేపు ప్లేగు మీ ఇంట్లకొస్తే మిగిలేది ఆమె ఒక్కతే గద!"

లోపల బేగం తాళాలగుత్తిని గబుక్కున తన నడుముకు దోపుకున్న గలగల వినిపించింది. సుగ్రా చెయ్యి లోపలికి పోయి, బంగారు గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"చూసినవా ఎల్లప్పా," ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వుకున్నాడు, "సర్కారు మాటంటే జనానికి ఎంత ఇజ్జతో!"