ఎదురు షెడ్డు మనిషి

"అమ్మా, ఒక్క మాట. నీ కారు ఇక్కడ ఇయ్యొద్దు."

శరణ్య చెయ్యి అద్దాల తలుపు మీదే ఆగిపోయింది.

రాజపాళయం ఊళ్లో తెన్‌కాశి రోడ్డులో, కార్లను దూరపు ఊళ్లకు చేరవేసే కంపెనీ అది. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, మాసిన పంచెతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు తాతా?"

"వీళ్లు లారీలో ఎక్కించరు. ఎవడో ఒక డ్రైవర్ని పెట్టి రోడ్డు మీదే తోలిస్తారు. ఎదురుగా దామోదరన్ షెడ్డు ఉంది చూడు, అక్కడ ఇయ్యి. ఆలస్యమైనా లారీలోనే పోతుంది."

శరణ్య రోడ్డు అవతలి రేకుల షెడ్డు వైపు చూసింది. పొద్దున అక్కడికీ వెళ్లింది. "ఏడు కార్లు చేరితేనే లారీ కదుల్తుంది అక్కా. ఇన్ని దినాలని నేను చెప్పలేను," అనేశాడు దామోదరన్.

ఒకటో తేదీకల్లా భర్త కన్నన్ వడోదరలో కొత్త ఉద్యోగంలో చేరాలి. ఏడు కార్లు చేరేదాకా ఎవరు కాచుకుంటారు?

పైగా అది అందరి కారులాంటిది కాదు. నాలుగేళ్ల కిందట మిల్లులో దూది బేలు వీపు మీద పడి కన్నన్ కాళ్లు చచ్చుబడ్డాయి. బ్రేకు, యాక్సిలరేటరు రెండూ చేతితోనే నొక్కేలా కోయంబత్తూరులో కారుకు ఒక లీవరు పెట్టించారు. అది వచ్చాకే అతను ఇంకొకరి భుజం కోసం ఎదురుచూడటం మానేశాడు.

"నువ్వే చూసి ఇచ్చేయి శరణ్యా," అని భారమంతా ఆమె మీదే వేశాడు. ఆమెకు కారు నడపడం రాదు; పక్కింటి కుర్రాడు తెచ్చి గుమ్మం ముందు ఆపి వెళ్లాడు.

శరణ్య పెద్దాయన్ని ఎగాదిగా చూసింది.

"ఎదురు షెడ్డు మనిషివా నువ్వు? మనిషికెంత కమిషన్?"

ఆయన తల దించుకున్నాడు. "కమిషన్ లేదమ్మా."

ఆమె లోపలికి వెళ్లింది. చల్లటి ఏసీ. గోడ మీద పెద్ద టీవీలో దేశపటం, దాని మీద కదిలే చుక్కలు. యజమాని సుదర్శన లేచి కుర్చీ జరిపాడు.

"ఏడో దినం మీ వాకిట్లో ఉంటుంది అక్కా. బండి ఎక్కడుందో మీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు."

"అదుండనీండి. బయట ఒకడు కూర్చోని, వచ్చేవాళ్లందర్నీ ఎదురు షెడ్డుకు తోలుతున్నాడు. తెలుసా మీకు?"

సోఫాలో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూసేంత గట్టిగా అంది.

సుదర్శన ముఖం ఎర్రబడింది. విసురుగా బయటికి వెళ్లాడు. శరణ్య వెనకే వెళ్లింది.

"లే. లేచి పో. ఇంక ఈ పక్క కనబడొద్దు."

పెద్దాయన ఏదో అనబోయి, సుదర్శన ముఖంలోకి ఒకసారి చూసి, మానుకున్నాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. లోపలివాళ్లంతా అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు.

మెట్టు దిగుతూ శరణ్య దగ్గర ఆగాడు.

"కారు లోపల చూసినానమ్మా. ఆ చేతి లీవరైనా విప్పించి నీతో పెట్టుకో. కొత్త డ్రైవరుకు అది అడ్డమొస్తుంది."

"చెప్పింది చాలు, పో," అందామె.

మంచి పనే చేశాననుకుంది శరణ్య. ఇంటికి వెళ్లాక కన్నన్‌కు ఆ సంగతి చెప్పనైనా లేదు.

కారు వడోదర చేరింది పద్నాలుగో రోజున. లారీలో రాలేదు. మీటరులో పందొమ్మిది వందల కిలోమీటర్లు ఎక్కువున్నాయి. లీవరు రెండు ముక్కలై, ప్లాస్టిక్ తాడుతో కట్టి డిక్కీలో పడి ఉంది.

కన్నన్ కారులో కూర్చుని, అలవాటుగా చెయ్యి చాపాడు. అక్కడ ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

కొత్త లీవరు రావడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు ఇద్దరు పొద్దున అతన్ని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టేవాళ్లు, సాయంత్రం ఎత్తి దించేవాళ్లు. ఆ సమయంలో అతను ఎవరి ముఖమూ చూసేవాడు కాదు.

"నువ్వేం చేస్తావు శరణ్యా? మనకు ముందే ఎవరు చెప్పినారు?" అన్నాడు ఒకరోజు.

శరణ్య పొయ్యి మీద ఏదో ఉందని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మూడో నెలలో, పాత ఇంట్లో మిగిలిన సామాను తీసుకుపోవడానికి ఒక్కతే రాజపాళయం వచ్చింది. బస్సు దిగి నేరుగా తెన్‌కాశి రోడ్డుకే వెళ్లింది.

గుమ్మం పక్కన కుర్చీ లేదు.

సుదర్శన ఆమె సంతకం పెట్టిన కాగితం తీసి, అడుగున చీమల్లాంటి అక్షరాలు చూపించాడు. కారును నడిపి అయినా చేర్చవచ్చని అందులో ఉంది. ఆమె పోట్లాడలేదు. పోట్లాడటానికి రాలేదు. రోడ్డు దాటింది.

దామోదరన్ లారీకి తాడు బిగిస్తున్నాడు.

"అన్నా, మీ మనిషి... ఆ కంపెనీ వాకిట్లో కూర్చునే తాత, ఎక్కడుంటారు? ఆయన్ని చూసి మన్నించమని అడగాల."

"నా మనిషా?" దామోదరన్ తాడు వదిలేశాడు. "ముప్పై ఏండ్లు నాకు పోటీ అక్కా ఆయన. ఒక్క దినం నా షెడ్డులో కాలు పెట్టినోడు కాదు. నాతో మాటే లేదు."

"మరి అందర్నీ మీ దగ్గరికే పంపినారే?"

"అవునక్కా, ఆ కంపెనీవాళ్లు లారీలు అమ్మేసిన దినం నుంచి పంపినాడు. ఎవరో ఒక ఆడమనిషి అందరి ముందర తిట్టించిందంట. ఆ దినమే ఊరు వదిలేసినాడు. సేత్తూరులో చెల్లెలింటికి పోయినాడన్నారు, అక్కడా లేడు."

శరణ్య రోడ్డు అవతలి అద్దాల తలుపు వైపు చూసింది.

"ఆయన... ఎవరన్నా?"

"ఒక్క లారీతో ఆ కంపెనీ పెట్టిన శివసుబ్రహ్మణ్య రాజా అక్కా, ఆ దినం లేచి పొమ్మన్న సుదర్శన ఆయన సొంత కొడుకే."