ఓబుళప్ప షీటు

కొత్త మేనేజర్ ఆంజనేయులు పెనుకొండ విత్తనాల ఆఫీసులో చేరిన రోజే క్యాబిన్ తలుపు వేసుకుని, స్కేలు, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి ఒక షీటు తయారైంది.

ఎడమ పక్క గంటలు. కుడి పక్క గళ్లు: చేసిన పని, టీ, ఫోను, ముచ్చట్లు. పైన మనిషి పేరు. పోయిన నెల జీతాల జాబితా చూసి పన్నెండు పేర్లు అచ్చు వేయించాడు.

"పన్నెండు షీట్లూ నిండి నా టేబుల్ మీదికి వస్తేనే ఎవరైనా ఇంటికి కదిలేది" అన్నాడు.

రోజూ ఐదింటికి గుమాస్తా దానియేలు షీట్లు పోగుచేసి లోపల ఇచ్చేవాడు. ఆంజనేయులు చదివి బాధపడేవాడు. బాధపడి గళ్లు పెంచేవాడు. అందరికంటే ముందు హిందూపురం నుంచి వచ్చి, అందరూ వెళ్లాక వెళ్లేవాడు. గళ్లు గీసే పనిలో క్యాబిన్ దాటే తీరికే ఉండేది కాదు. రెండో నెలకు 'కిటికీ వైపు చూసిన సార్లు' అనే గడి కూడా చేరింది.

ఓబుళప్ప షీటు మాత్రం అద్దంలా ఉండేది. టీ సున్నా. ఫోను సున్నా. ముచ్చట్లు సున్నా. కిటికీ సున్నా.

కుళ్ళాయమ్మ ఉన్నదున్నట్టు రాసే మనిషి. ఒకరోజు కిటికీ గడిలో పదిహేడు వేసింది. ఆంజనేయులు పిలిపించాడు.

"ఇలాగైతే నిన్ను తీసేయాల్సి వస్తుంది."

"ఇద్దరు బిడ్డలు చదువుకుంటాండారు సార్. ఏం చేయమంటే అది చేస్తా."

"నెల రోజులు ఓబుళప్ప పక్కన కూర్చో. ఆయన ఎలా ఉంటే అలా ఉండు."

కుళ్ళాయమ్మ దానియేలు వంక చూసింది. దానియేలు నేల వంక చూశాడు.

"సరే సార్" అంది.

నెల తిరిగింది.

"ఏమైనా నేర్చుకున్నావా?"

"శానా సార్. ఆయప్ప పక్కన కూచుంటే మనసు నిమ్మళంగా ఉంటాది. పలకడు. కదలడు. టీ వచ్చినా తిరిగి చూడడు."

ఆంజనేయులు చలించిపోయాడు. కుళ్ళాయమ్మ ఉద్యోగానికి ఢోకా లేదన్నాడు. శాలువా తెప్పించాడు. ఓబుళప్పకు స్వయంగా కప్పాలని లేచాడు.

దానియేలు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "వద్దు సార్. ఇప్పుడు మీరు పోతే ఆయప్ప ఏకాగ్రత చెడిపోతాది. నాకియ్యండి, నేను ఇస్తా."

"నిజమే" అన్నాడు ఆంజనేయులు. శాలువా మడిచి దానియేలు చేతిలో పెట్టాడు.

ఆ ఆదివారం దానియేలు ధర్మవరం రైలెక్కి, అరుగు మీద మనవరాలికి జడ వేస్తున్న ఓబుళప్పకు శాలువా కప్పాడు.

ఓబుళప్ప రిటైరైంది, ఆంజనేయులు ఆ ఆఫీసులో చేరడానికి ముందు రోజు.