దీవెన చేయి

భిలాయిలో కాలేజీ పాఠాలు మానేసి రాజకీయాల్లోకి వచ్చినా, ప్రొఫెసర్ నరసింగరావుకి పాత అలవాటు పోలేదు. కాళ్లకు వంగినవాళ్ల తల మీద చేయి పెట్టి "ఖుష్ రహో", సుఖంగా ఉండు, అని దీవించేవారు.

తొంభై మూడు ఎన్నికల ముందు, ఎమ్మెల్యే టికెట్ అడగడానికి అదే ఊళ్లో, సుపేలాలో ఉన్న తన శిష్యుడి బంగళాకి వెళ్లారు. ఆ శిష్యుడిప్పుడు పార్టీ జిల్లా అధ్యక్షుడు, లేబర్ కాంట్రాక్టరు కూడా. న్యాయం కోసం ప్రొఫెసర్ వెంట వచ్చిన నూకమ్మ మొగుడు ఉక్కు ఫ్యాక్టరీలో అతని కాంట్రాక్టు పని చేస్తూనే ఒళ్లు కాలి చచ్చిపోయాడు.

"తప్పు ఒప్పుకోకపోతే నీ టికెట్టే నాకొద్దని మొహం మీదే చెప్పేస్తానమ్మా" అని, ఆమెను గేటు దగ్గరుంచి లోపలికి నడిచారు.

ఆయన్ని చూడగానే శిష్యుడు వంగాడు. ప్రొఫెసర్ చేయి దీవించడానికి లేచింది.

అతను వంగింది బూట్లు తొడుక్కోవడానికి. ఒకటి సోఫా కిందికి జారిపోయింది.

"టికెట్ మీదే, సర్‌జీ. ఆ జూతా జరా అందించండి."

గాల్లో లేచిన చేయి సోఫా కిందికి వెళ్లింది.

బయట నూకమ్మ ఆత్రంగా ఎదురొచ్చింది. "ఏటన్నాడు బాబూ?"

"ఎలక్షన్లయ్యాక చూద్దాం."

"మీరే దిక్కు బాబూ" అంటూ ఆమె కాళ్ల మీద పడిపోయింది.

బూటు దుమ్ము వదలని చేయి ఆమె తల మీద ఆనింది.

"ఖుష్ రహో" అన్నారు.