రాబందులు తిరగని ఆకాశం

సకాలా పేరు చెబితేనే యోబేకి ఒళ్ళు మండుతుంది.

అడవి జంతువుల పార్కు కాపలాదారులందరికీ పెద్ద సకాలా. అడవిలో జంతువుకి జలుబు చేసినా జీపేసుకుని పరిగెడతాడు. మనిషి చేను పోతే మాత్రం ఓ సలహా పడేసి పోతాడు. మార్చిలో, కంకులు పాలుపోసుకునే వేళ, చెవి చిరిగిన ఏనుగొకటి లువాంగ్వా నది దాటొచ్చి యోబే మొక్కజొన్నలో పడింది. "ఎండు మిరపకాయలు కాల్చవయ్యా, ఆ ఘాటుకి ఇటు తొంగి చూడదు" అన్నాడు సకాలా. కాల్చాడు. ఏనుగు తుమ్మింది. తుమ్మి, మిగిలిన చేను కూడా మేసి పోయింది. పరిహారం మాటెత్తితే, "చట్టంలో లేదు" అన్నాడు.

వర్షాలు పోయి, ఎండలు ముదిరాయి. ఆ మంట మాత్రం ఆరలేదు. అలాంటి సకాలా కాళ్ళే ఇవాళ పట్టుకోవాల్సొచ్చింది.

యోబే తమ్ముడు లమేకి ఆదివారం తేనెకని ఒంటరిగా అడవిలోకి వెళ్ళాడు. బుధవారమైనా రాలేదు. కాపలాదారులు నిన్నా, ఇవాళా వెతికారు. మధ్యాహ్నానికి ఉత్త చేతులతో నది ఒడ్డుకి తిరిగొచ్చారు.

యోబే కూర్చోలేకపోతున్నాడు. లేస్తాడు, నీళ్ళ దాకా వెళ్తాడు, చేతులు ఇసుకతో రుద్దుకుంటాడు, మళ్ళీ వస్తాడు. ఒడ్డు గోడలోని బొరియల్లోంచి ఎర్రటి పిట్టలు దూసుకొస్తున్నాయి, దూరుతున్నాయి. వాటికీ నిలకడ లేదు.

సకాలా టోపీ తీసి విసురుకున్నాడు. "ఇక చాల్లే యోబే. నీ తమ్ముడు బతికే ఉన్నాడు."

"కనిపించాడా?"

"లేదు. అదిగో, పైకి చూడు. ఏముంది?"

యోబే చూడలేదు. లమేకి భార్య మలీతా చూసింది.

"ఏమీ లేదు" అంది.

"అదే నేను చెప్పేది తల్లీ. ఈ అడవిలో కుందేలు చచ్చినా మనకంటే ముందు రాబందుకి తెలుస్తుంది. పోయినేడు మొసలి చంపి వదిలేసిన జాలరిని మాకు చూపించిందెవరు? అవే కదా. మనిషే పడిపోయి ఉంటే ఈపాటికి పైన గుంపు గిరగిరా తిరుగుతుండేది. నీ మొగుడు అవతలి ఒడ్డున తేనె అమ్మేసి, ఆ డబ్బుతో సారా తాగి తొంగున్నాడు."

మలీతా ఏడుస్తూనే నవ్వింది. తల గొరగడానికి ముసలమ్మలు తెచ్చిన బ్లేడుని నదిలోకి విసిరేసింది. "రానీ, ఇంటికి రానీ! పొయ్యిలో కట్టె తీసుకుని వీపు చీరేస్తాను."

"ఇంకొక్క రోజు వెతికించు సకాలా" అన్నాడు యోబే. "ముళ్ళడొంక అవతల చూడలేదు. తేనె చెట్లన్నీ అటే. కాలు విరిగి పడున్నాడేమో."

"విరిగింది కాలేగా, గొంతు కాదుగా! గాల్లోకి తుపాకులు కాల్చాం, డప్పులు కొట్టాం. బతికుంటే పలకడా?"

"పలకలేకపోతే? చెట్టు మీంచి పడి ప్రాణమే పోయుంటే? ఇంకో రాత్రి గడిస్తే దుమ్ములగొండ్లు పూడ్చడానికి ఎముక కూడా మిగల్చవు."

మలీతా గిరుక్కున తిరిగింది. "ఏం నోరు బావా అది! తోడబుట్టినవాడు బతికున్నాడంటే సంబరపడాల్సింది పోయి శవాన్ని వెతకమంటావా?"

సకాలా నవ్వాడు. "నా మీద కోపంతో ఆకాశం మీద కూడా నమ్మకం పోయింది మీ బావకి. వినవయ్యా. వారం పైగా ఈ లోయ మీద ఒక్క రాబందు తిరగలేదు. ఏనుగు మాట దేవుడెరుగు, జింక కూడా చావలేదన్నమాట. నా పేరు చెబితే దొంగ వేటగాళ్ళకి లాగులు తడుస్తున్నాయి."

"ఒక్కసారి ముళ్ళడొంక దాకా..." యోబే సకాలా మోకాళ్ళు పట్టుకున్నాడు. ఆ మోకాళ్ళు పట్టుకునే రోజొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

సకాలా నవ్వు ఆగింది. వంగి యోబే మొహంలోకి చూశాడు. "రాబందులు లేవంటున్నా వినవు. ఎందుకయ్యా? నీకు తెలిసింది ఏదైనా ఉంటే చెప్పు. ఇప్పుడే మావాళ్ళని వెనక్కి తిప్పుతాను."

యోబే నోరు తెరిచాడు. సకాలా నడుముకి వేలాడుతున్న బేడీలు ఎండకి తళుక్కుమన్నాయి.

"ఏం లేదు" అన్నాడు.

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. మలీతా పొయ్యి రాజేసింది. మొగుడి వాటా కూడా కలిపి సంకటి గెలికింది. "వాళ్ళ మాట నమ్ము బావా, రా, ఒక ముద్ద తిను" అని పిలిచింది. యోబే కదల్లేదు. అప్పుడు మాత్రం తలెత్తి ముళ్ళడొంక వైపు చూశాడు. ఉతికి ఆరేసినట్టుంది ఆకాశం.

పోయిన ఎకరన్నర మొక్కజొన్న కసి తీరేలా చెవి చిరిగిన ఏనుగును కూల్చిందీ, పైన గుంపు తిరిగితే సకాలా పసిగడతాడని దాని కళేబరం నిండా పత్తికి కొట్టే పురుగుమందు పోసి లోయలోని రాబందుల్ని ఒక్కటి మిగలకుండా చంపిందీ తనే.