విడుపు కాగితం

నోటరీ ముద్ర ఇంకా కాగితానికి తగలనే లేదు, ముసలాయన చటుక్కున దాన్ని లాక్కొని పరుగందుకున్నాడు.

"ఓయ్! నా కాగితం!" రిషిత గావుకేక పెట్టింది.

జగిత్యాల కోర్టు గేటు దగ్గర జనమంతా తిరిగి చూశారు. నోటరీ మాత్రం నెత్తి కొట్టుకున్నాడు.

"మల్ల మొదలువెట్టిండు గీయన! పొద్దుపొద్దుగాల నా బేరం ఖరాబు చేస్తడు."

అది ఉత్త కాగితం కాదు. నిన్ననే బుగ్గారంలో కులపెద్దలు కూర్చొని రాయించిన విడుపు కాగితం. సిరిసిల్లలో ఉండే మొగుడు గంగాప్రసాద్‌కూ తనకూ ఇక ఏ సంబంధమూ లేదని బాండు పేపరు మీద ఇద్దరి సంతకాలు, కింద సాక్షుల వేలిముద్రలు. ఇవాళ ముద్ర పడితే చాలు, ఎనిమిదో రోజున కోనరావుపేట అబ్బాయితో రెండో పెళ్లి. చీరె కూడా కొనేశారు.

రిషిత చెప్పులు చేతబట్టుకొని ఉరికింది. వెనకాలే అన్న మొగిలి.

ముసలాయన ధోతి ఒక చేత్తో ఎగబట్టి, స్కూటర్ల సందుల్లోంచి దూరిపోతున్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి. కాళ్లు మాత్రం లేగదూడవే.

"ఆగు తాతా! దొంగతనం గిది!"

"దొంగతనమే బిడ్డా! ఉరుకు, ఇంక జర ఉరుకు!"

వకీళ్ల గదులకు ఎక్కే మెట్ల మీద మొగిలి ఆయన అంగీ దొరకబట్టాడు. ఒక్క తోపు తోశాడు. ముసలాయన బోర్లా పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. కాగితాన్ని మాత్రం విడవలేదు.

"ఏ వకీలు పంపిండు నిన్ను? నీకెంత ముట్టజెప్తడు?"

"ఎవలు పంపలే కొడుకా. గా పైరూముల ఒక వకీలమ్మ ఉన్నది. గామెకు ఒక్కపారి చూపియ్యిర్రి. బరాబరున్నదంటే గీ కాగితం మీకిచ్చి మీ కాళ్లు మొక్కుత."

"ఎనిమిది దినాలల్ల పెండ్లి పెట్టుకున్నం," రిషితకు ఏడుపొచ్చింది. "నీ పాడు నోరు పెట్టకు తాతా!"

"గందుకే ఉరికిన బిడ్డా. ముద్ర పడ్డంక ఇగ ఎవ్వలు ఆగరు."

మొగిలి కాగితం గుంజుకున్నాడు. కానీ రిషిత మనసులో పురుగు తొలిచింది. ఇంత దూరం వచ్చాక చూపిస్తే పోయేదేముంది?

వకీలు శోభారాణి కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"పెద్దమనుషులు కూసుంటే విడాకులైనట్టేనా చెల్లె?"

"మా దిక్కు అందరు గిట్లనే చేస్తరు మేడం."

"చేస్తరు. కోర్టుకెక్కిననాడు తెలుస్తది. మీ కులంల గిట్ల విడిచిపెట్టే ఆచారం ముందుసంది ఉన్నదని రుజువు చెయ్యాలె. చెయ్యకపోతే నువ్వు ఇంక గంగాప్రసాద్ పెండ్లానివే. రెండో పెండ్లి చెల్లది. పైంగ కేసైతది."

రిషిత కాగితాన్ని తనవైపు లాక్కుంది.

"మరెట్ల మేడం?"

"రెండు తొవ్వలున్నయి. ఇద్దరికి ఇష్టమైతే కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. ఏడాదిసంది ఎడంగ ఉండాలె. ఉంటున్నరా?"

"రెండేండ్లాయె!"

"అయితే ఇగ ఆర్నెల్లు. జడ్జి ఒప్పుకుంటే ఇంక జల్దీ కావచ్చు. నీ మొగుడు అడ్డం తిరిగితే మాత్రం, కొట్టిండనో, వదిలేసి పోయిండనో రుజువులతోటి కొట్లాడాలె. గది ఏండ్లకేండ్లు నడుస్తది."

"తిరగడు మేడం! బాండు మీద సంతకం పెట్టనే పెట్టిండు గద!"

"అయితే ఏడుపెందుకు? నవ్వు."

రిషిత అక్కడికక్కడే కోనరావుపేటకు ఫోన్ కలిపింది. సంగతంతా విని అటువైపు అబ్బాయి తేలిగ్గా అన్నాడు.

"ఆర్నెల్లేనా? మంచిగైంది. పత్తి ఏరుడు అయిపోతది. చెల్లని పెండ్లికన్న ఆలిశం పెండ్లి నయం."

రిషిత పకపకా నవ్వింది. మొగిలి కూడా నవ్వాడు. ఆ సంబరంలో కిందికి దిగి, బస్సు అందుకోవాలని ఉరికారు. ముసలాయన మోకాలు కడుక్కుంటూ గేటు దగ్గరే ఉన్నాడు. ఇద్దరూ ఆయన ముందునుంచే వెళ్లారు, ఆగలేదు.

ఏడో నెలలో డిక్రీ వచ్చింది. జడ్జి రెండు ముక్కల్లో చెప్పేశారు. రిషిత వరండాలో చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. చంకలో కొత్త శాలువా, చేతిలో మిఠాయి డబ్బా. గేటంతా వెతికింది. ముసలాయన కనపడలేదు. ఒక్క ఊపున మెట్లెక్కింది.

"మేడం! గా కాగితం ఎత్తుకపోయిన తాత ఏడి? గాయనకు శాలువ కప్పాలె!"

శోభారాణి తలెత్తింది.

"పోయిన నెల కాలం చేసిండు."

రిషిత అట్లాగే కూర్చుండిపోయింది.

"అయ్యో! దొంగ అన్న మేడం. పేరు గూడ అడగలే."

"లచ్చయ్య."

"ఎవలు మేడం గాయన?"

"చుట్టుపక్క ఊర్ల పంచాయితీలల్ల విడుపు కాగితాలు రాసేటాయన. అక్షరం ముత్యమోలె ఉంటుండె. గాయన రాసిన కాగితం నమ్మి ఒక పిల్ల రెండో పెండ్లి చేసుకున్నది. మొదటోడు కేసేసిండు. గా పెండ్లి చెల్లదన్నరు. కడుపుతోని ఉన్నదాన్ని రెండోవాడు ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు. గప్పటిసంది లచ్చయ్య కలం ముట్టలే, గీ గేటు ఇడిచి పోలే."

"పాపం, గా పిల్ల ఏమైంది మేడం?"

శోభారాణి నల్లకోటు తొడుక్కుంది. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"చదువుకొని వకీలైంది చెల్లె, పన్నెండేండ్లసంది గీ రూములనే కూసుంటున్నది, కింద గేటుకాడున్న తనను కన్న మనిషిని మాత్రం ఒక్కపారి గూడ బాపూ అని పిలువలే."